మొన తీసిన గీత

సుధీంద్ర చేయి ఎత్తగానే తెర మీద ఒక గీత వెలిగింది.

విశాఖపట్నంలో ఆ హాలు నిండిపోయింది. అక్షయ గ్రంథవేదిక అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోని పరిశోధన వ్యాసాలన్నీ ఇకనుంచి చూపులేని పాఠకులకు కూడా పూర్తిగా అందుతాయని ప్రకటించే రోజది. అందుకు కారణమైన పరికరం సుధీంద్ర అరచేతిలో ఉంది. చూడ్డానికి చిన్న పలక. పైన మెత్తటి పొర, కింద వెంట్రుకంత సన్నటి వేల మొనలు. వ్యాసంలో గ్రాఫ్ ఉంటే ఆ మొనలు లేచి అదే ఆకారంలో నిలబడతాయి. దాని పేరు వేలిపలక.

"ఇన్నాళ్ళూ వ్యాసాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి," అన్నాడు సుధీంద్ర మైకులో. "కానీ గ్రాఫ్ దగ్గరికి రాగానే 'చిత్రం' అని ఒక్క మాట చెప్పి దాటేసేవి. మా అక్క హైమవతి ఇంజనీరు. పదేళ్ళ వయసులో చూపు పోయింది. 'పి.హెచ్.డి.లో సగం చిత్రం, చిత్రం అన్న మాటే విన్నానురా' అంటుంది. ఈ పలక ఆమె కోసం చేశాను."

చప్పట్లు మోగాయి.

"ఈ తెర మీదున్న గ్రాఫ్‌కి ఒక ప్రత్యేకత ఉంది. గాలి వేగం పెరిగేకొద్దీ వేలాడే పెట్టె ఎంత ఊగుతుందో చెప్పే వ్యాసంలోది. మా అక్క దీన్ని వేలిపలక మీద చదివే నెమలికొండ రోప్‌వేని డిజైన్ చేసింది. ఆ రోప్‌వే ఇప్పుడు, మనం ఇక్కడ మాట్లాడుకుంటూ ఉండగానే, మొదటిసారి జనంతో కదులుతోంది."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సుధీంద్ర ముందు వరసలోంచి అబ్రహాం మాస్టారిని చేయి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చాడు. గుంటూరులో ఫిజిక్సు చెప్పే లెక్చరర్. పుట్టుకతోనే చూపు లేదు. ఆయన వేలిని పలక మీద పెట్టి, "ఏముందో చెప్పండి మాస్టారూ," అన్నాడు.

మాస్టారు నింపాదిగా వేలు జరిపాడు. "ఎడమ నుంచి చదునుగా వస్తంది. మధ్యలో చిన్న దిబ్బ లేచింది. దాటాక మళ్ళా చదునే."

కొందరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. వెనకనుంచి ఎవరో అన్నారు: "దిబ్బేమిటండీ, అది తాటిచెట్టులా ఉంటే."

సుధీంద్ర తెర వైపు తిరిగాడు. గీత చదునుగా వచ్చి, మధ్యలో సూదిలా నిటారుగా లేచి, గ్రాఫ్ పైఅంచును తాకి, అలాగే సూదిలా దిగిపోయింది. అక్కడ దిబ్బ లేదు.

"తాటిచెట్టా?" అన్నాడు మాస్టారు. వేలు మళ్ళీ జరిపాడు. "నా వేలికింద దిబ్బేనయ్యా ఉంది. ఈ సంగతి నేను మీకు రెండుసార్లు రాశాను. వ్యాసంలో రాసిందొకటి, నా వేలికి తగిలేదొకటి అని. మీ వేలికింకా అలవాటు కాలేదని జవాబిచ్చారు."

ఆ జవాబు రాసింది సుధీంద్రే.

ఆ సూది ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు.

ఇది మూడేళ్ళ కిందటి చలికాలం సంగతి. పెదవాల్తేరులో అక్క వాళ్ళింట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. హైమ ఎడమచేత్తో వేలిపలక మీద ఒక భూకంపం గ్రాఫ్ చదువుతూ, కుడిచేత్తో పప్పన్నం తింటోంది. సుధీంద్ర ఊరమిరపకాయలు ఒకదాని తర్వాత ఒకటి నములుతున్నాడు.

"ఒరే, నాకోటి మిగల్చరా," అన్నాడు బావ గోపాలం. "కడుపా, పొయ్యా అది?"

అప్పుడే హైమ "స్" అని చేయి వెనక్కి లాక్కుంది. మరుక్షణంలో మళ్ళీ అక్కడే వేలు పెట్టింది. కంచం అంచు మీద చిన్న రక్తపు చుక్క పడింది.

సుధీంద్ర పలక లాక్కోబోయాడు. "ఉండక్కా, గుచ్చుకుంది."

"ఇయ్యరా. ఇప్పుడే కదేటి మజా వచ్చింది. భూమి ఇక్కడ ఒక్కసారి ఎగిరిందిరా."

"రక్తం వస్తోంది."

"ఊరమిరపకాయలు నమిలేవాడివి, సూదిమొన చూసి ఏడుస్తావేట్రా?"

ఆమె నవ్వింది. సుధీంద్రకి నవ్వు రాలేదు. ఆ రక్తపు చుక్క కంచం అంచు మీదే ఆరిపోయింది. ఆమె చూడలేదు కాబట్టి తుడవలేదు. అతను అన్నం ముగించేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళి ఫర్జానాతో చెప్పాడు. వేలిపలక ప్రోగ్రామంతా రాసింది ఆ అమ్మాయే. "సూదిలా లేచే మొనలన్నిటినీ గుండ్రం చేసెయ్. చిన్న దిబ్బలా తగలాలి. గుచ్చుకోకూడదు."

"చేస్తాను సార్. ఒక మీట పెడదాం. కావలసినవాళ్ళు వేసుకుంటారు, అక్కర్లేనివాళ్ళు తీసేసుకుంటారు."

"మీట పెడితే మా అక్క మొదటిరోజే తీసేస్తుంది."

"అయితే తీసేసుకోనివ్వండి సార్."

"మీటా వద్దు, ఎవరికీ చెప్పనూ వద్దు. పాపం, వాళ్ళకి గీత ఎటు పోతోందో తెలిస్తే చాలదా?"

ఫర్జానా ఒక్కక్షణం అతని మొహంలోకి చూసింది. 'వాళ్ళకి' అన్న మాట దగ్గర ఆమె ఆగినట్టు అనిపించింది. తర్వాత తలవంచుకుని ఆ పని చేసింది. దానికి 'మెత్తన' అని పేరు పెట్టారు. పరీక్షకు వచ్చిన చూపులేని పాఠకులందరూ పలక హాయిగా ఉందన్నారు. హాయి అన్న గడిలో పూర్తి మార్కులు పడ్డాయి. మెత్తన లోపల ఉందని ఎవరికీ చెప్పలేదు. వేలిపలక అన్ని విశ్వవిద్యాలయాలకూ వెళ్ళిపోయింది.

సుధీంద్ర వేదిక దిగి పరిగెత్తాడు.

తెర వెనక ఫర్జానా అప్పటికే లాప్‌టాప్‌లో ఆ వ్యాసం తెరిచింది. "సార్, ఇందులో పట్టిక లేదు. లెక్కలేవీ మాటల్లో లేవు. 'ఫలితాలు నాలుగో చిత్రంలో చూడండి' అని ఊరుకున్నారు. అంతా ఈ గీతలోనే ఉంది."

"హద్దు ఎంత పెట్టింది అక్క?"

"గాలి గంటకి యాభై కిలోమీటర్లు దాటితే ఆపాలి. అంతలోపు నడపొచ్చు. ఆ దిబ్బని బట్టి చూస్తే అది సరైన లెక్కే."

సూది ముప్పై ఎనిమిది దగ్గర ఉంది.

హైమ ఫోను ఆపేసి ఉంది. సుధీంద్ర నెమలికొండ కింది స్టేషనుకి చేశాడు. డ్యూటీలో ఉన్న అధికారి నింపాదిగా మాట్లాడాడు. "గాలి ముప్పై ఆరండీ ఇప్పుడు. మేడంగారి హద్దు యాభై. ఆపడానికి నాకు ఆర్డరేదీ? పెట్టె లోయ మధ్యకి వెళ్ళింది కూడాను. ఇప్పుడు ఆపితే అక్కడే వేలాడాలి."

ఇక మిగిలింది అక్కతో పాటు ఆ పెట్టెలోనే ఉన్న బావ. గోపాలం రెండో రింగుకే ఎత్తాడు.

"ఏరా సుధీ, నీ సన్మానం అయిందా? ఇక్కడ మీ అక్క నన్ను లోయ మధ్యలో వేలాడదీసింది. పెళ్ళినాడే అనుకున్నాను ఇలాంటిదేదో చేస్తుందని."

చుట్టూ నవ్వులు వినిపించాయి. పెట్టె నిండా జనం ఉన్నారు.

"బావా, అక్కకివ్వు. తొందరగా."

"చేతులు ఖాళీ లేవట. స్పీకర్లో పెడుతున్నాను, మాట్లాడు."

స్పీకర్లో వద్దు అనబోయాడు. అప్పటికే హైమ గొంతు వచ్చింది. "ఏట్రా?"

"అక్కా, గాలి పెరుగుతోంది. మీరు పై స్టేషన్‌లో దిగిపోండి. తిరిగి రావద్దు."

"పెరగనీ. యాభై దాకా ఫర్వాలేదు. ఇప్పుడు ముప్పై ఏడుంటుంది."

"అదే అక్కా... కొంచెం జాగ్రత్త అని."

"జాగ్రత్త చెప్పడానికి సన్మానం వదిలేసి ఫోను చేశావా?" ఆమె గొంతు మారింది. "ఏటయింది?"

నోటి చివరికి వచ్చిన మాటను అతను మింగేశాడు. నెట్‌వర్క్ సరిగా లేదన్నాడు. వాతావరణశాఖ హెచ్చరిక అన్నాడు. ఆమె ఏ హెచ్చరిక అని అడిగితే నసిగాడు. పక్కనుంచి ఫర్జానా అతని భుజం పట్టి కుదిపింది. "చెప్పండి సార్. చెప్పకపోతే నేను చెబుతాను."

ఫోన్‌లో ఒక పిల్ల, "అమ్మా, ఊగుతోంది," అంది.

"అక్కా, నాలుగో చిత్రంలో నీకు తగిలింది దిబ్బ కాదు. అది సూది."

పెట్టెలో నవ్వులు ఆగిపోయాయి.

"ఎక్కడ?" అంది హైమ.

"ముప్పై ఎనిమిది దగ్గర."

"ఎంత వెడల్పు?"

"ముప్పై ఆరున్నరకి మొదలు. నలభైకి అయిపోతుంది."

"ఎత్తు చెప్పు. పక్కనున్న చదునుతో పోల్చి చెప్పు."

"పదింతలు. ఇంకా ఎక్కువే. గ్రాఫ్ పైగీతకి ఆనుకుని ఉంది."

"దిగేటప్పుడు? నెమ్మదిగా దిగిందా, ఒక్కసారిగానా?"

"ఒక్కసారిగా."

జీవితంలో మొదటిసారి అతను అక్కకి ఒక చిత్రాన్ని ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పాడు.

"నా వేలికెందుకు తగల్లేదు?"

"నేనే తీసేశాను."

"ఎందుకు?"

"నీకు గుచ్చుకుంటుందని."

ఇనుము కిర్రుమంది. ఎవరో అరిచారు. మళ్ళీ హైమ గొంతు వచ్చినప్పుడు అది తమ్ముడితో మాట్లాడే గొంతు కాదు.

"అందరూ వినండి. గాలి ఈ పెట్టెని రెండు పక్కలా ఒకే తాళంలో కొడుతోంది. అందుకే ఊగుతున్నాం. ఆ తాళం చెడగొడితే ఊగడం తగ్గుతుంది. కిటికీలన్నీ తీసీండి. చున్నీలు, కండువాలు, తువ్వాళ్ళు, ఏదుంటే అది బయటికి వేలాడదీసి కట్టండి. ఒక వరసలో వద్దు. ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టండి. పిల్లలు కింద కూర్చోండి."

"నా పంచె ఇచ్చీమంటావేటి?" అన్నాడు గోపాలం.

"ఇచ్చీండి. కింద నిక్కరుంది కదా."

భయంలోంచి ఒకరిద్దరు నవ్వారు. ఫోను ఎక్కడో పెట్టినట్టున్నారు. గుడ్డలు టపటపా కొట్టుకుంటున్న చప్పుడు, కిటికీ అద్దాలు జారుతున్న చప్పుడు. "ఈ పక్క రెండో కిటికీ రావట్లేదమ్మా." "నేను లాగుతానుండండి." అది గోపాలం గొంతు. ఆ వెంటనే ఇనుముకి ఏదో గట్టిగా తగిలింది. గోపాలం ఒక్క కేక పెట్టి ఆగిపోయాడు.

"బావా?"

గుడ్డల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కిర్రుమనడం తగ్గింది. ఇంకా తగ్గింది. తర్వాత ఎవరో ఫోను కట్ చేశారు.

పెట్టె పై స్టేషన్ చేరింది. అందరూ బతికారు. కిటికీలోంచి బయటికి చాచిన గోపాలం చేయి రోప్‌వే స్తంభానికి కొట్టుకుని మోచేయి దగ్గర ఎముక విరిగి రెండు ముక్కలైంది.

పెట్టె ఇంకాస్త ముందే తాళం తప్పి ఉంటే స్తంభం దాకా ఊగేది కాదని హైమ తర్వాత లెక్కవేసి చెప్పింది. సుధీంద్ర నెట్‌వర్క్ గురించీ, వాతావరణశాఖ గురించీ నసిగిన సేపు అది. ఆమె అతన్ని నిందించలేదు. లెక్క మాత్రం చెప్పింది.

మర్నాటి టీవీల్లో సుధీంద్ర పేరు లేదు. హైమ ఫోటో ఉంది. నల్లకళ్ళద్దాలతో ఉన్న ఫోటో వెతికి మరీ వేశారు. 'కళ్ళు లేని ఇంజనీరు చేతిలో జనం ప్రాణాలా?' అని కింద అక్షరాలు పరిగెత్తాయి. ఆమెను పనిలోంచి పక్కన పెట్టి విచారణ వేశారు.

విచారణకు ముందు గ్రంథవేదిక ఛైర్మన్ చక్రపాణి సుధీంద్రని కారిడార్‌లో ఆపాడు. పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"చూడు సుధీంద్రా, నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. సాంకేతిక లోపం అను చాలు. ఏ పరికరంలో లోపం ఉండదు? మీ అక్క మీద కూడా నింద పోతుంది."

ఆ రెండు మాటలు ఎంత మెత్తగా ఉన్నాయో సుధీంద్రకి తెలిసింది. అవి అందరికీ హాయిగా ఉంటాయి. ఎవరికీ గుచ్చుకోవు.

గదిలో విచారణాధికారి హైమను అడుగుతున్నాడు. గొంతులో జాలి ఉంది. "అమ్మా, మీ ప్రతిభని కాదనడం లేదు. కానీ ఇలాంటి విషయాల్లో చూపున్నవాళ్ళ చేత ఒకసారి చూపించుకోవాల్సింది కదా?"

"నా డిజైన్‌ని చూపున్నవాళ్ళు ఆరుగురు పరిశీలించారండి," అంది హైమ. "ఎవరూ అసలు వ్యాసం తెరవలేదు. నేను చదివాను కదా అని."

"మీరు చదివారు. కానీ మీకు..." అని ఆయన ఆగిపోయాడు.

సుధీంద్ర లేచాడు. "ఆమె సరిగ్గానే చదివింది. నేను ఇచ్చింది తప్పు."

"అంటే పరికరంలో సాంకేతిక లోపం ఉందంటారా?"

వెనక కుర్చీలో చక్రపాణి గొంతు సవరించుకున్నాడు.

"లేదండి. పరికరం బాగానే పనిచేసింది. గ్రాఫుల్లో మొనలు కోసెయ్యమని నేనే చెప్పాను. మీట పెడదామని మా ఇంజనీరు అంది. వద్దన్నాను. పాఠకులకు చెప్పొద్దన్నాను. ఒక మాస్టారు రెండుసార్లు రాస్తే, తప్పు ఆయన వేలిదేనని జవాబిచ్చాను."

"ఎందుకలా చేశారు?"

"చూపు లేనివాళ్ళకి అంత అక్కర్లేదనుకున్నాను."

తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినిపించింది. అక్క వైపు చూశాడు. చూడలేకపోయాడు. ఆమె తల అతని వైపు తిరిగి ఉంది.

అధికారి ఆ మాట రాసుకున్నాడు.

ఆ వారమే మెత్తన తీసేశారు. పాఠకులందరికీ సుధీంద్ర పేరుతోనే ఒక సందేశం వెళ్ళింది. మీరు ఇంతవరకూ మా పలక మీద చదివిన గ్రాఫుల్లో సన్నటి మొనలు లేవు, అవి నేను తీసేశాను, దయచేసి మళ్ళీ చదవండి అని. చక్రపాణి 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని కలపమన్నాడు. సుధీంద్ర కలపలేదు. నెల తిరక్కుండా గ్రంథవేదిక అతన్ని బాధ్యతల నుంచి తప్పించింది. ఆ పని ఫర్జానాకి ఇచ్చారు. చూపులేని పాఠకులు ఒప్పుకోకుండా ఏ మార్పూ చెయ్యకూడదన్నది ఆమె పెట్టిన మొదటి షరతు.

జవాబులు రావడం మొదలైంది. కర్నూలు నుంచి ఒకమ్మాయి రాసింది. గుండె కొట్టుకునే గ్రాఫులో తేడా కనిపెట్టలేకపోయిందని ఆమెను పరీక్షలో తప్పించారట. 'నాలోనే లోపమనుకుని చదువు మానేశాను సార్' అని రాసింది. అలాంటివి చాలా వచ్చాయి. తిట్టినవాళ్ళవి చదవగలిగాడు. తిట్టనివాళ్ళవి చదవలేకపోయాడు.

అబ్రహాం మాస్టారు మాత్రం ఫోను చేశాడు. "ఏంది సారూ, నా వేలు బాగానే ఉందంటారా అయితే?"

"బాగానే ఉంది మాస్టారూ."

"సరే. అది చాల్లే," అని పెట్టేశాడు.

హైమ నుంచి పిలుపు రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అప్పటికి ఆమెను తిరిగి పనిలోకి తీసుకున్నారు. ముప్పై ఆరు దగ్గర కొత్త హద్దు పెట్టి, పెట్టెకి రెండు పక్కలా గాలి తాళాన్ని విరిచే రెక్కలు బిగించింది. ఆ ఫోను కూడా గోపాలమే చేశాడు. "ఆదివారం భోజనానికి రమ్మంటోంది మీ అక్క. ఎందుకో నాకు తెలీదు. నన్నడగొద్దు."

వెళ్ళేసరికి గోపాలం చేయి ఇంకా పట్టీలోనే వేలాడుతోంది. "రారా. చూశావా, నేనూ రోప్‌వేనే ఇప్పుడు," అన్నాడు.

హైమే వడ్డించింది. కంచం అంచు వేలితో తడుముకుంటూ పప్పు వేసింది, వంకాయ కూర వేసింది, పెరుగు గిన్నె పక్కన పెట్టింది. సుధీంద్ర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. కూర ముట్టుకున్నాడు. అందులోనూ అంతే. ఉప్పు ఉంది. కారం లేదు. పచ్చిమిరపకాయ ముక్క లేదు, తాలింపులో ఎండుమిరపకాయ లేదు. బాలింతకి పెట్టే పథ్యంలా ఉంది.

గోపాలం కంచంలో కూర ఎర్రగా ఉంది. అతను తలెత్తకుండా తింటున్నాడు.

సుధీంద్ర కళ్ళు ఊరమిరపకాయల డబ్బా కోసం వెతికాయి. బల్ల మీద లేదు.

"ఏం, బాగులేదేటి?" అంది హైమ.

"బాగుందక్కా."

"నీకు మంట పుడుతుందని కారం తీసేశాను. పాపం." ఆమె గొంతులో కోపం లేదు. "అడిగితే వద్దంటావని అడగలేదు."

సుధీంద్ర తల వంచుకున్నాడు. ముద్ద మీద ముద్ద కలిపాడు. నీళ్ళు కూడా తాగకుండా, మెతుకు మిగలకుండా ఆ చప్పటి అన్నమంతా తిన్నాడు. మధ్యలో గోపాలం తన కంచంలోంచి కొంచెం కూర అటు తొయ్యబోతే, హైమ చప్పుడు విని, "మీరు తినండి," అంది. గోపాలం చేయి వెనక్కి తీసుకున్నాడు.

సుధీంద్ర పెరుగన్నం కూడా ముగించేసరికి హైమ వేలిపలక ముందుకు లాక్కుని ఏదో వ్యాసం తెరిచింది. వేలు చదునుగా కొంతదూరం జరిగింది. ఒక్కసారి "స్" అని ఆగింది.

సుధీంద్ర చేయి దానంతటదే బల్ల మీద ఆమె వైపు కదిలింది. సగం దూరంలో దాన్ని ఆపుకుని, వెనక్కి తెచ్చి, ఖాళీ కంచంలో పెట్టుకున్నాడు.

హైమ గుచ్చుకున్న వేలిని ఒకసారి నోట్లో పెట్టుకుని తీసి, మళ్ళీ అదే చోట పెట్టింది.